1600 కేవీఏ ట్రాన్స్‌ఫార్మర్ వచ్చింది, షాక్ స్టిక్కర్ ఎర్రబడింది: బిల్టీ మీద సంతకం పెట్టాలా?

గీసుగొండ_మిల్లు • బుధవారం, ఉదయం 7:52
అందరికి నమస్తే. టెక్స్‌టైల్ పార్కు దగ్గర మా జిన్నింగ్ మిల్లు పక్కన్నే స్పిన్నింగ్ షెడ్డు కడుతున్నం. దానికోసం తెప్పించిన ట్రాన్స్‌ఫార్మర్ రాత్రి హైదరాబాద్ నుంచి వచ్చింది. 1600 కేవీఏ, 33 కేవీ/433 వోల్టులు, కాపర్ వైండింగ్. జనగామ కాడి నుంచి దారి పొడుగునా వానేనట.

పొద్దున టార్పాలిన్ తీయించి చూసిన. ట్యాంకు పక్కన అంటించిన షాక్ స్టిక్కర్ (గట్టి కుదుపు తగిలితే రంగు మారేది) ఎర్రగైంది. 33 కేవీ వైపు నడిమి బుషింగ్‌కు (కరెంటు తీగ ట్యాంకులకు పోయే పింగాణి గొట్టం) అంచున బొటనవేలంత పెచ్చు లేచింది. నూనె చల్లార్చే రేడియేటర్లు విడిగ చెక్క ఫ్రేములల్ల వచ్చినయ్, ఒకదాని రేకులు లోపలికి వంగినయ్. ట్యాంకు మీద కన్జర్వేటర్ (పైన ఉండే చిన్న నూనె ట్యాంకు) పైపు బిగించే చోట మూతపలక పెట్టిండ్రు కదా, దాని చుట్టు నూనె చెమ్మ ఉంది, దుమ్ము అంటుకుని నల్లగైంది.

డ్రైవర్ ఒకటే తొందర, బిల్టీ (లారీ రసీదు) మీద సంతకం పెడితే మళ్ల లోడుకు పోతా అంటున్నడు. సప్లయర్‌కు ఫోన్ చేస్తే "బుషింగ్ కొత్తది పంపిస్తం, మీరు దింపుకోండి, ఏం కాదు" అంటున్నరు. పది గంటలకు హైడ్రా క్రేన్ వస్తది. ఏం చేయాలె?

హనుమకొండ_క్లెయిమ్స్ • 8:04
సంతకం పెట్టండి, కానీ ఖాళీ సంతకం వద్దు. బిల్టీ అన్ని కాపీల మీద చేత్తో ఇలా రాయండి: "టార్పాలిన్ విప్పగానే షాక్ సూచిక ఎర్రగా ఉంది. 33 కేవీ మధ్య బుషింగ్ పెచ్చు లేచింది. ఒక రేడియేటర్ వంగింది. మూతపలక దగ్గర నూనె కారింది. లోపలి నష్టం పరీక్షల తర్వాతే తేలుతుంది. ఈ అభ్యంతరాలతో స్వీకరించాం." తేదీ, టైము, లారీ నంబరు వేసి డ్రైవర్ చేత కింద సంతకం చేయించండి. అతను పెట్టనంటే "డ్రైవర్ నిరాకరించాడు" అని రాసి మీ మనుషులు ఇద్దరితో సాక్షి సంతకాలు పెట్టించండి.

ఆ చివరి వాక్యం వదిలేయకండి. బుషింగ్, రేడియేటర్ అని మాత్రమే రాస్తే, రేపు కాయిల్ జరిగిందని తేలినప్పుడు "అది మీరు దింపేటప్పుడు జరిగింది" అంటారు.

లారీ మీద ఉండగానే ఫొటోలు తీయండి. నేమ్‌ప్లేటు, స్టిక్కర్, తాళ్ళు కట్టిన తీరు, చక్రాల కింద పెట్టిన కట్టెలు, ట్యాంకు లారీ ఫ్లోర్ మీద జరిగిన గీతలు ఉంటే అవి. ఆ గీతలు చాలా చెబుతాయి.

గీసుగొండ_మిల్లు • 8:11
గీతలున్నయ్ సార్! ఎడమ దిక్కు బెత్తెడు జరిగినట్టు ఉంది. ఒక తాడు వదులుగ ఉంది.

వడ్లమిల్లు_జగిత్యాల • 8:15
ఇంత గోల అవసరమా? మా రైస్‌మిల్లుకు 500 కేవీఏ వచ్చినప్పుడు రేడియేటర్ రేకులు ఇట్లనే వంగి ఉన్నయ్. దింపినం, నూనె చూసినం, చార్జ్ చేసినం (కరెంటు ఇచ్చినం). ఇప్పటికీ నడుస్తనే ఉంది. స్టిక్కర్ అంటే గట్టిగ చెయ్యి తగిలినా ఎర్రబడుతది.

కాజీపేట_మెగ్గర్ • 8:31
చెయ్యి తగిలితే ఎర్రబడదు. దానిమీద రాసిన పరిమితి దాటిన కుదుపు తగిలితేనే లోపలి రంగు గొట్టంలోకి వస్తుంది. అయితే అది చెప్పేది అంతవరకే. ఎప్పుడు తగిలింది, ఏ దిక్కు నుంచి తగిలింది, లోపల ఏం పాడైంది అన్నది చెప్పదు. ఫ్యాక్టరీలో ఎక్కించేటప్పుడే ఎర్రబడి ఉండవచ్చు కూడా. పెద్ద పవర్ ట్రాన్స్‌ఫార్మర్లతో ఎలక్ట్రానిక్ ఇంపాక్ట్ రికార్డర్ వస్తుంది. మూడు దిక్కుల్లో ఎన్ని 'జీ'ల (భూమి ఆకర్షణకు ఎన్ని రెట్ల) కుదుపు పడిందో గంట, నిమిషంతో సహా రాసిపెడుతుంది. సాధారణంగా 3 'జీ' దాటితే ప్రశ్నలు మొదలవుతాయి. మీ సైజుకు స్టిక్కరే దిక్కు.

స్టిక్కర్ తెల్లగా ఉన్నంత మాత్రాన సరుకు బాగున్నట్టూ కాదు. వాన నీళ్ళు లోపలికి పోతే ఏ స్టిక్కరూ ఎర్రబడదు. మీ కేసులో నాకు బుషింగ్ కన్నా ఆ మూతపలక మీదే అనుమానం ఎక్కువ. నూనె బయటికి వచ్చే సందు ఉంటే నీళ్ళు లోపలికి పోయే సందు కూడా ఉన్నట్టే.

సిరిసిల్ల_మరమగ్గం • 8:40
తెలియక అడుగుతున్న సార్. ట్యాంకు ఇనుముది, మందంగ ఉంటది. కుదుపులకు లోపల ఏమైతది?

కాజీపేట_మెగ్గర్ • 9:02
మంచి ప్రశ్న. ట్యాంకులో ఇనుప రేకుల కోర్, దాని మీద కాయిల్స్ కలిపి మొత్తం బరువులో పెద్ద భాగం. అడుగున, పైన బోల్టులతో, దిమ్మలతో బిగించి ఉంటుంది. లారీ సడెన్ బ్రేకు వేస్తే ట్యాంకు ఆగుతుంది, లోపలిది ముందుకు పోవాలని చూస్తుంది. బోల్టు వదులైతే కోర్ ఒక వేలు మందం జరగవచ్చు. కాయిల్ నుంచి బుషింగ్‌కు వచ్చే లీడు సాగవచ్చు. వోల్టేజి సర్దే ట్యాప్ స్విచ్ కాంటాక్టు పక్కకు తప్పవచ్చు. కాయిల్స్ మధ్య పెట్టిన ప్రెస్‌బోర్డు (గట్టి అట్ట) ముక్కలు జారవచ్చు.

జగిత్యాల మిత్రుడు నడుస్తోందన్నారు. ఇలాంటివి చార్జ్ చేసిన రోజు నడుస్తాయి. అసలు పరీక్ష ఎల్‌టీ (433 వోల్టుల) వైపు షార్ట్ సర్క్యూట్ అయిన రోజు. ఈ ట్రాన్స్‌ఫార్మర్ ఇంపెడెన్స్ (కరెంటును అడ్డుకునే గుణం) 6.25 శాతం అనుకుందాం. షార్ట్ అయితే మామూలు కరెంటుకు 16 రెట్లు పోతుంది. కాయిల్ మీద పడే బలం కరెంటు వర్గంతో పెరుగుతుంది కాబట్టి 256 రెట్లు. దిమ్మలు జారిన కాయిల్ ఆ దెబ్బకు ఆగదు. అప్పుడు మీరు కేబుల్‌ను తిడతారు, బ్రేకర్‌ను తిడతారు. లారీ ఎవరికీ గుర్తుండదు.

వడ్లమిల్లు_జగిత్యాల • 9:10
సరే సార్, 256 రెట్లు అంటే నేనేం అంటా. మాది కూడ ఒకసారి చూపిస్త.

హైడ్రా_జమ్మికుంట • 9:18
తమ్మీ, పది గంటలకు వచ్చే హైడ్రా ఎన్ని టన్నులది? బూమ్ ఎంత చాపాలె? 14 టన్నుల హైడ్రా అంటే 14 టన్నులు లేపుతదని కాదు, బూమ్ దగ్గరికి ముడిచి ఉన్నప్పటి లెక్క అది. ముందటికి చాపినకొద్ది సగానికి, అంతకన్న తక్కువకు పడిపోతది. క్యాబిన్ల లోడ్ చార్ట్ ఉంటది, ఆపరేటర్‌ను అడిగి చూడు. లేదంటే ఆ హైడ్రా వద్దే వద్దు.

నేమ్‌ప్లేటు మీద మొత్తం బరువు చూసి చెప్పు. వాన పడ్డ నల్లమట్టి మీద లోడు పట్టుకుని నడుచుడు ఇంకో గండం. ఒక చక్రం దిగబడితె బండి పక్కకు ఒరుగుతది.

గీసుగొండ_మిల్లు • 9:24
మొత్తం బరువు ఆరు టన్నుల లోపు ఉంది అన్నా, రేడియేటర్లు కాక. 14 టన్నుల బండే. లారీని ట్రాన్స్‌ఫార్మర్ పెట్టే గద్దె పక్కకు తీసుకురావచ్చు, అక్కడ మొరం పోసి తొక్కించినం.

హైడ్రా_జమ్మికుంట • 9:33
అయితె సరే. బండిని నడిపించకు, నిలబెట్టి దింపు. తాళ్ళు ట్యాంకుకున్న లిఫ్టింగ్ లగ్గులకే వేయాలె, నాలుగింటికీ. రేడియేటర్ పైపుకు, కన్జర్వేటర్‌కు, మూత మీది చిన్న కొక్కేలకు వేయొద్దు. ఆ చిన్నవి మూత, లోపలి కోర్ లేపనీకి పెట్టినవి.

తాడు వాలు చూడు. రెండు తాళ్ళతో లేపితే, భూమికి 60 డిగ్రీల వాలుల ఉంటె ఒక్కో తాడు మీద బరువుల 58 శాతం పడుతది. తాడు పొట్టిగుండి 30 డిగ్రీలకు పండుకుంటే ఒక్కో దాని మీద పూర్తి బరువు పడుతది. పైగ లోపలికి గుంజి బుషింగ్‌కు తగులుతది. పైన స్ప్రెడర్ బార్ (తాళ్ళను ఎడంగ పట్టే కడ్డీ) పెట్టమను. మొదలు జానెడు లేపి రెండు నిమిషాలు ఆపి చూసుడు మరువకు.

గోదావరిఖని_ఫిట్టర్ • 9:47
హైడ్రా అన్న చెప్పింది నూటికి నూరు పాళ్లు. నా తరఫున ఒక మాట. బొగ్గు బాయిల మీద క్రేన్ పోని జాగల ఎన్నో దింపినం, స్లీపర్లు పేర్చి, జాకీలు పెట్టి, పైపు రోలర్ల మీద గుంజి. జాకీ పెట్టేటప్పుడు ట్యాంకుకు జాకింగ్ ప్యాడ్లు వేరే ఉంటయ్, వాటి కిందనే పెట్టాలె. రెండు దిక్కుల ఒకేసారి లేపొద్దు. ఒక దిక్కు కొద్దిగ లేపి స్లీపర్ తోసి, అటెన్క రెండో దిక్కు. లేపిన ట్యాంకు కింద చెయ్యి పెట్టే పిలగాడు ఎప్పుడు ఒకడుంటడు. వాణ్ని ముందే పక్కకు పంపు.

నల్లరేగడి • 10:05
గద్దె గురించి ఎవరూ అడగలేదు. గీసుగొండ, సంగెం దిక్కు నల్లరేగడి భూములు. వానకు ఉబ్బుతాయి, ఎండకు పగుళ్ళు ఇస్తాయి. పైపైన తవ్వి కాంక్రీటు పోస్తే రెండో ఎండాకాలానికి గద్దె ఒక మూల కుంగుతుంది. గట్టి మొరం తగిలేదాకా తవ్వారా? గద్దె మీద లెవెల్ గొట్టం పెట్టి నాలుగు మూలలు చూసుకోండి. బుకోల్జ్ రిలే (లోపల గ్యాస్ పుడితే పసిగట్టేది) పైపుకు కన్జర్వేటర్ వైపు ఎత్తు ఉంటేనే గ్యాస్ రిలేలోకి వస్తుంది, గద్దె తప్పు దిక్కుకు వాలితే ఆ ఎత్తు పోతుంది.

గీసుగొండ_మిల్లు • మధ్యాహ్నం 1:20
దింపినం, ఇబ్బంది ఏం లేదు. మొరం తగిలేదాకనే తవ్వినం అన్నా, లెవెల్ కూడ చూసినం. బిల్టీ మీద హనుమకొండ సార్ చెప్పినట్టే రాసిన. డ్రైవర్ మొదలు గునిసిండు, ఓనర్‌తో మాట్లాడి పెట్టిండు. ఇప్పుడు సప్లయర్ "కన్జర్వేటర్, రేడియేటర్లు బిగించి, డ్రమ్ముల నూనె పోసి చార్జ్ చేయండి, మా ఇంజినీర్ వచ్చే వారం వస్తడు" అంటున్నరు.

హనుమకొండ_క్లెయిమ్స్ • 1:34
ఏదీ బిగించకండి. ముందు పర్చేజ్ ఆర్డర్ తీసి చూడండి. "ఎఫ్‌ఓఆర్ సైట్" అని ఉంటే మీ గేటు దాకా బాధ్యత అమ్మినవాళ్లది. "ఎక్స్ వర్క్స్" అయితే ఫ్యాక్టరీ గేటు దాటగానే మీది, అప్పుడు ట్రాన్సిట్ పాలసీ మీరు తీసుకుని ఉండాలి. పాలసీలో దింపే పని కవర్ అవుతుందో లేదో కూడా చూడండి, చాలామంది అది చదవరు.

పాలసీ ఎవరిదైనా ఇవాళే బీమా కంపెనీకి మెయిల్ పెట్టి నష్టం అంచనా వేసే సర్వేయర్‌ను అడగండి. రవాణా సంస్థకు విడిగా రాతపూర్వక నోటీసు ఇవ్వాలి. 2007 నాటి రోడ్డు రవాణా చట్టం ప్రకారం, సరుకు బుక్ చేసిన తేదీ నుంచి 180 రోజుల్లోపు నోటీసు అందకపోతే వాళ్ల మీద దావా నిలవదు. లెక్క మీకు అందిన రోజు నుంచి కాదు, బుకింగ్ నుంచి. రిజిస్టర్డ్ పోస్టులో పంపి రసీదు దాచుకోండి. సర్వేయర్ చూసేదాకా ఆ విరిగిన పెంకు కూడా పారేయొద్దు.

కాజీపేట_మెగ్గర్ • 2:10
పరీక్షలు దొరికిన దానితో మొదలుపెడదాం. ఫ్యాక్టరీ టెస్ట్ సర్టిఫికెట్ దగ్గర పెట్టుకోండి. కొలిచిన ప్రతి అంకెను దానితో పోల్చితేనే అర్థం ఉంటుంది.

ముందు అడుగు వాల్వ్ నుంచి నూనె నమూనా. నీళ్ళు నూనె కన్నా బరువు, అడుగునే ఉంటాయి. వాల్వ్ ముక్కు తుడిచి, మొదటి లీటరు వదిలేసి, ఎండిన గాజు సీసాలో పట్టండి. వాన పడుతుంటే పట్టకండి. బీడీవీ (నూనె ఎంత వోల్టేజికి తట్టుకుంటుందో చూసే) పరీక్షకు 2.5 మిల్లీమీటర్ల సందు, ఆరు రీడింగుల సగటు. ఫిల్టర్ చేసిన కొత్త నూనె 60 కేవీకి పైన నిలవాలి.

రేషియో (రెండు వైపుల వోల్టేజి నిష్పత్తి): మీది డెల్టా-స్టార్ కనెక్షన్. నార్మల్ ట్యాప్‌లో 33000ని 433కు ఫేజ్ విలువ అయిన 250తో భాగిస్తే 132. అర శాతం అటూ ఇటూ, అంటే 131.34 నుంచి 132.66 దాకా సరే. అన్ని ట్యాపుల్లో చూడండి. తర్వాత వైండింగ్ రెసిస్టెన్స్, మెగ్గర్ (ఇన్సులేషన్ కొలత), మాగ్నెటిక్ బ్యాలెన్స్ (కోర్, చుట్లు సరిగా ఉన్నాయో చూసేది).

సిరిసిల్ల_మరమగ్గం • 2:26
మాగ్నెటిక్ బ్యాలెన్స్ అంటే ఎల్‌టీ వైపు ఒక ఫేజుకు, న్యూట్రల్‌కు 230 ఇచ్చి తక్కిన రెండు ఫేజులు చూసుడే కదా? మా దగ్గర ఎలక్ట్రీషియన్ అట్లనే చేస్తడు.

కాజీపేట_మెగ్గర్ • 2:29
ఆగండి! ఎల్‌టీ వైపు 230 ఇస్తే అవతల 33 కేవీ బుషింగుల మీద 132 రెట్లు, అంటే 30 వేల వోల్టులు పైనే లేస్తాయి. పక్కన మనిషి నిలబడి ఉంటే ఇంకేమైనా ఉందా? ఈ పరీక్ష హెచ్‌టీ (33 కేవీ) వైపు నుంచే చేయాలి. అక్కడ 230 ఇస్తే ఎల్‌టీలో వచ్చేది రెండు వోల్టుల లోపే. అయినా చుట్టూ తాడు కట్టి, ఎల్‌టీ చివర్లు విడిగా ఉంచి, ఒకరే స్విచ్ దగ్గర ఉండాలి. మీ ఎలక్ట్రీషియన్‌కు ఈ పోస్టు చూపించండి.

హెచ్‌టీలో అంచు లింబ్ (కోర్ స్తంభం) వైండింగ్‌కు 230 ఇస్తే నడిమిదానికి ఎక్కువ, అవతలి అంచుకు తక్కువ వస్తుంది. రెండూ కలిపితే సుమారు 230 కావాలి. నడిమిదానికి ఇస్తే రెండు అంచులకూ చెరి సగం. పంపకం తేడా పడితే కోర్ జరిగిందనో, చుట్లు షార్టయ్యాయనో అనుమానించాలి.

గీసుగొండ_మిల్లు • శుక్రవారం, సాయంత్రం 6:48
హనుమకొండ నుంచి టెస్టింగ్ వాళ్లను పిలిపించిన. సర్వేయర్ కూడ ఉన్నడు. ఫలితాలు:

రేషియో మూడు ఫేజులల్ల 132.0, 132.1, 132.1. ట్యాపులన్నిట్ల సర్టిఫికెట్‌తో కలుస్తున్నయ్. బ్యాలెన్స్: అంచుకు 230 ఇస్తే 148, 82. నడిమిదానికి ఇస్తే 116, 114. వైండింగ్ రెసిస్టెన్స్ మూడు ఫేజులకు ఒక శాతం లోపలే తేడా, కానీ సర్టిఫికెట్‌ల ఉన్నదానికన్న అన్నీ తక్కువ చూపెడుతున్నయ్. మెగ్గర్ 5 కేవీ మీద హెచ్‌టీకి, ట్యాంకుకు మధ్య 180 మెగోమ్‌లే వచ్చినయ్. బుషింగులు స్పిరిట్‌తో తుడిచి మళ్ల చూస్తే 420. అడుగు నూనె బీడీవీ 24 కేవీ. భయంగ ఉంది సార్.

కాజీపేట_మెగ్గర్ • 7:15
భయపడే అంకె ఒక్కటే ఉంది, 24. తక్కినవి మంచి వార్తలు.

రెసిస్టెన్స్ తక్కువ రావడం తప్పు కాదు. సర్టిఫికెట్‌లో విలువ 75 డిగ్రీలకు మార్చి రాస్తారు. మీ నూనె వేడి ఎంత? 33 డిగ్రీలు అనుకుంటే, 310ని 268తో భాగిస్తే 1.157. మీ అంకెలను దాంతో గుణించి చూడండి, కలుస్తాయి. మూడు ఫేజులూ దగ్గరగా ఉన్నాయంటే లీడు, ట్యాప్ స్విచ్ చెక్కుచెదరలేదు. బ్యాలెన్స్ బాగుంది, కోర్ జరిగిన ఆనవాళ్ళు లేవు.

నూనెలోకి తడి వెళ్ళింది. మూతపలక తీసి గ్యాస్కెట్ చూడండి.

గీసుగొండ_మిల్లు • 7:41
సరిగ్గ అదే సార్. గ్యాస్కెట్ ఒక బోల్టు కాడ కోసుకుపోయి ఉంది, రెండు బోల్టులు చేతితో తిరుగుతున్నయ్. సర్వేయర్ ఫొటో తీసుకుండు.

గోదావరిఖని_ఫిట్టర్ • 8:02
ఇన్‌స్పెక్షన్ మూత విప్పి లోపల టార్చి వేసి చూడరాదు? కండ్లతోని చూస్తే మనసు నిమ్మళమైతది.

కాజీపేట_మెగ్గర్ • 8:20
ఎండాకాలమైతే నేనూ విప్పమనేవాణ్ని అన్నా. ఈ వానల్లో గాలి నిండా తేమే. కొలతలు కోర్ బాగుందని చెబుతున్నప్పుడు చూడడం కోసమని విప్పితే, లేని తడిని మనమే లోపలికి పిలిచినట్టు. రేషియోనో బ్యాలెన్సో తప్పి ఉంటే ఎటూ ఫ్యాక్టరీకే పంపేవాళ్లం, అక్కడ విప్పేవాళ్ళు.

ఇప్పుడు వ్యాక్యూమ్ ఉన్న ఫిల్టర్ మెషిన్ పెట్టించండి. వట్టి కాగితం ఫిల్టర్‌తో తడి సరిగా పోదు. కింది వాల్వ్ నుంచి తీసి పై వాల్వ్‌లోకి, నూనె 60 డిగ్రీల దరిదాపుల్లో ఉంచి తిప్పాలి. ముఖ్యమైన సంగతి: తడిలో ఎక్కువ పాలు నూనెలో కాదు, కాయిల్ మీది కాగితంలో దాక్కుంటుంది. బీడీవీ 60 రాగానే మెషిన్ ఆపేస్తే, ఒకట్రెండు రోజుల్లో కాగితం మళ్ళీ నూనెలోకి తడి వదులుతుంది, అంకె పడిపోతుంది. అందుకే ఆపి, చల్లారనిచ్చి, పైన కింద రెండు నమూనాలు మళ్ళీ చూడండి. పడితే మళ్ళీ తిప్పండి. మెగ్గర్ కూడా చల్లారాకే. నూనె పది డిగ్రీలు వేడెక్కితే ఇన్సులేషన్ విలువ సుమారు సగానికి పడుతుంది, వేడి మీద చూసి కంగారు పడతారు.

డ్రమ్ముల్లో వచ్చిన నూనెనూ పరీక్షించకుండా పోయొద్దు.

హనుమకొండ_క్లెయిమ్స్ • 8:33
ఫిల్టర్ మెషిన్ బిల్లు, టెస్టింగ్ బిల్లు, బుషింగ్, రేడియేటర్ అన్నీ క్లెయిమ్‌లో పెట్టండి. మెషిన్ పెట్టే ముందు సర్వేయర్ నుంచి "పని మొదలుపెట్టవచ్చు" అని మెయిల్ తీసుకోండి. ఫోన్‌లో చెప్పింది లెక్కలోకి రాదు.

గీసుగొండ_మిల్లు • వారం తర్వాత, ఉదయం 10:12
ఆలస్యమైంది, పని ఒత్తిడి. మెగ్గర్ సార్ చెప్పినట్టే అయింది. మొదటిసారి 62 వచ్చింది, ఆపి చల్లారినంక చూస్తే 47. మళ్ల తిప్పినం. ఇప్పుడు పైన 68, కింద 66, నిలబడ్డయ్. హెచ్‌టీ మెగ్గర్ చల్లటి మీద 2100 మెగోమ్‌లు. రెసిస్టెన్స్ లెక్క గుణించి చూసిన, సర్టిఫికెట్‌తో కలిసింది. బుషింగ్, రేడియేటర్ కొత్తవి సప్లయర్ ఖర్చు మీదనే వచ్చినయ్. ఆర్డర్‌ల ఎఫ్‌ఓఆర్ సైట్ అని ఉండబట్టి వాళ్లు మాట్లాడలేకపోయిండ్రు.

నిన్న ఎలక్ట్రికల్ ఇన్‌స్పెక్టరేట్ వాళ్లు చూసిపోయిండ్రు. న్యూట్రల్‌కు రెండు వేర్వేరు ఎర్తులు, బాడీకి రెండు ఉన్నయా అని చూసిండ్రు. బుకోల్జ్ ట్రిప్ పనిచేస్తుందా అని మా ముందరే నొక్కి చూసిండ్రు. పర్మిషన్ లెటర్ వచ్చినంక ఎన్పీడీసీఎల్ (కరెంటు పంపిణీ సంస్థ) వాళ్లు లైన్ ఇస్తరు. దసరా తర్వాత పత్తి మొదలయ్యే లోపల నడవాలె.

కాజీపేట_మెగ్గర్ • 10:40
చార్జ్ చేసే ముందు రేడియేటర్ వాల్వులన్నీ తెరిచి ఉన్నాయా చూడండి, ఇది మూసి మర్చిపోయేవాళ్లే ఎక్కువ. బుషింగులు, రేడియేటర్లు, బుకోల్జ్ అన్నిటి దగ్గరా గాలి వదలండి. సిలికా జెల్ (లోపలికి పోయే గాలిలో తడి పీల్చేది) కప్పు అడుగున నూనె పోసి, రవాణాకు పెట్టిన రబ్బరు మూత తీయండి. ఎల్‌టీ బ్రేకర్ తెరిచే ఉంచి ఖాళీగా ఒక రాత్రి నడపండి. ఊరికే 'హమ్' అని మోగాలి. లోపల పటపటలాడితే, బుకోల్జ్‌లో గ్యాస్ చేరితే వెంటనే ఆపాలి. మొదటి రోజు బుకోల్జ్‌లో కొంచెం గాలి రావచ్చు. తీసి అగ్గిపుల్ల దగ్గర పెడితే మండకపోతే అది గాలే. ఇది ట్రాన్స్‌ఫార్మర్‌కు దూరంగా పట్టుకెళ్లి చేయాలి.

గీసుగొండ_మిల్లు • 10:52
సరే సార్. వచ్చే వారం 33 కేవీ వీసీబీ (వ్యాక్యూమ్ బ్రేకర్) ప్యానెల్ కూడ వస్తది. దానికి ఏం చూడాలె?

కాజీపేట_మెగ్గర్ • 11:05
దానికి వేరే చర్చ పెట్టండి, ఇందులో కలిపితే ఎవరికీ దొరకదు. ఒక్కటి మాత్రం ఇప్పుడే చెబుతా: పడుకోబెట్టి తెచ్చారా, నిలబెట్టి తెచ్చారా చూడండి. వచ్చిన రోజు నుంచే లోపలి హీటర్‌కు కరెంటు ఇవ్వండి, షెడ్డులో తేమకు బస్‌బార్ ఇన్సులేటర్లు చెమర్చుతాయి. వ్యాక్యూమ్ బాటిల్ బాగుందో లేదో కంటికి కనిపించదు, బ్రేకర్ తెరిచి ఉంచి హైవోల్టేజ్ పెట్టే చూడాలి.

హైడ్రా_జమ్మికుంట • 11:20
ప్యానెల్ ఏ రోజొస్తదో ఒకరోజు ముందుగాల చెప్పు తమ్మీ, నేనే వస్త. పత్తి సీజన్ మొదలైతే నా బండ్లు బేళ్ల కాడనే ఉంటయ్, అప్పుడు అడిగితే దొరకవు.